ఎక్కేది ఎంతో కాదు, పడుకునేది ఎక్కడో చూడండి

పోయిన సంచికలో ఈ పేజీ ఎందుకు రాలేదని కొందరు అడిగారు. కొందరు అడగలేదు, వాళ్లకి ముందే తెలుసు. యాభై ఎనిమిదేళ్ల ఆవిడ వీపు సంచిలో అయిదు కిలోల పొన్ని బియ్యం వేసుకుని ప్రతి ఆదివారం మరుదమలై మెట్లెక్కుతూంటే ఆ సంగతి పోదనూరులో దాగుతుందా? రేషను బియ్యం కొండకి మోసుకెళ్తోందనుకున్న వాళ్లూ ఉన్నారట.

నవంబరులో మేం అయిదుగురం హిమాలయాలకి వెళ్లొచ్చాం. వచ్చినప్పటి నుంచీ మన సంఘం ఇళ్ల నుంచి ఫోన్లు. "మా అమ్మాయి వెళ్తానంటోంది, ఎక్కడికి పంపొచ్చు?" "మా ఆయనకి షుగరుంది, పోవచ్చా?" "బూట్లు ఎక్కడ కొన్నారు?" ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఈసారి పేజీ అంతా దీనికే ఇచ్చాను. వంటల గురించి అడిగిన వాళ్లు ఉగాది సంచిక దాకా ఆగాలి.

ఇదంతా మా చెల్లెలి కొడుకుతో మొదలైంది. వాడికి ఇరవై నాలుగేళ్లు. శరవణంపట్టిలో కంప్యూటరు ఉద్యోగం. కోయంబత్తూరు మారథాన్‌లో ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాడు. ఏటా మాఘ ఫాల్గుణాల్లో వెళ్లియంగిరి ఏడు కొండలూ రాత్రికి రాత్రి ఎక్కి దిగి, మర్నాడు ఆఫీసుకి పోతాడు. జూన్‌లో ఒకరోజు ఫోనులో బొమ్మ చూపించాడు. ఎవరెస్టు బేస్ క్యాంపు, 5,364 మీటర్లు, లుక్లాలో దిగిన దగ్గర్నుంచి మళ్లీ లుక్లాకి తొమ్మిది రోజులు. "పెద్దమ్మా, ఈ వారంలో అడ్వాన్సు కడితే తగ్గింపు కూడా ఉంది" అన్నాడు.

మా చెల్లెలికి వాడొక్కడే. వాళ్ల నాన్న పోయి పదకొండేళ్లయింది. ఇంట్లో వాదన నడిచింది. వాడు మల్లి మస్తాన్ బాబు పేరెత్తాడు. నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కిన మనిషి. "మన వాళ్లు చెయ్యలేదా అమ్మా?" అన్నాడు. మా చెల్లెలు ఊరుకునే రకం కాదు. "ఆయన 2015లో ఆండీస్ కొండల్లో ఒంటరిగా ఎక్కుతూ అక్కడే పోయాడు కదరా, అది కూడా చెప్పు" అంది. ఆ తర్వాత ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు నాకు ఫోను చేసింది. "అక్కా, వద్దంటే నన్ను తిట్టుకుంటూ బతుకుతాడు, సరేనంటే నాకు నిద్ర పట్టదు. నువ్వు చూసి చెప్పు. పంపొచ్చంటే నువ్వు కూడా వెళ్లు." పరీక్ష పేపరు నాకు, ఫలితం దానికి. ఇదీ ఏర్పాటు.

ముందుగా వెళ్లియంగిరి మాట తేల్చాలి. ఎందుకంటే మన ఊళ్లో మగపిల్లలందరిదీ ఇదే ధైర్యం: ఏడో కొండ ఎక్కినవాడికి హిమాలయం ఏపాటి? ఎక్కడం కష్టమే, కాదనను. పూండి దగ్గర కొన్న వెదురు కర్ర పట్టుకుని రాళ్లమీద ఆరేడు గంటలు ఎక్కాలి. గుండె జబ్బున్న వాళ్లు రావద్దని అటవీశాఖ వాళ్లు చెప్తూనే ఉంటారు, అయినా ఏటా ఎవరో ఒకరు దారిలో పడిపోతూనే ఉన్నారు. కానీ ఆ ఏడో కొండ ఎత్తు 1,800 మీటర్లకి లోపే. మన కోయంబత్తూరు 400 చిల్లర. ఊటీ 2,240. దొడ్డబెట్ట 2,637. దక్షిణ భారతంలో అన్నిటికన్నా ఎత్తయిన ఆనముడి 2,695. అంటే మనం ఊటీలో చలి చూశాం గాని ఎత్తు చూడలేదు. తిరుమలకి అలిపిరి మెట్లదారిలో మూడున్నర వేల మెట్లెక్కితే కాళ్లు గట్టివో కావో తెలుస్తుంది. ఎత్తు మనకి పడుతుందో లేదో తెలియాలంటే ఆ మెట్లు చాలవు.

ఎత్తుకి పోతే గాలి ఒత్తిడి తగ్గుతుంది. 3,000 మీటర్ల దగ్గర సముద్రమట్టంలో ఉండే దానిలో పదింట ఏడు వంతులే ఉంటుంది. 5,500 దగ్గర సగమే. ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు కూడా అంతే తగ్గుతుంది. ఒళ్లు దానికి అలవాటు పడగలదు. ఊపిరి పెంచుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, రక్తాన్ని సర్దుకుంటుంది. దానికి గంటలు చాలవు, రోజులు పడతాయి. ఆ రోజులు ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అక్కడితో ఆగకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అవి రెండూ ప్రాణం తీసేవే. ఇందులో విచిత్రం ఏమిటంటే బలమైన వాళ్లకి దీన్నుంచి మినహాయింపేమీ లేదు. పరుగెత్తే కుర్రాడికి రావచ్చు, పక్కనే మోకాళ్లు పట్టుకుని నడిచే నాలాంటి దానికి రాకపోవచ్చు. నిజానికి కుర్రవాళ్లకే ఒక ప్రమాదం ఎక్కువ. వాళ్లు వేగంగా పోగలరు.

అందుకని డాక్టర్లు చెప్పే లెక్క ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, ఇవాళ పడుకున్న చోటికీ రేపు పడుకునే చోటికీ తేడా 500 మీటర్లు మించకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట రెండు రాత్రులుండాలి. పగలు ఎంత ఎత్తుకి పోయి వచ్చినా ఫరవాలేదు, లెక్కలోకి వచ్చేది రాత్రి పడుకునే ఎత్తు. యాత్ర అమ్మేవాళ్లు శిఖరం ఎత్తు పెద్ద అక్షరాల్లో వేస్తారు. పడుకునే ఎత్తులు ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదా ఉండనే ఉండవు.

మావాడు తెచ్చిన ప్లాను తీసుకుని భోజనాల బల్ల మీద కాగితం పెట్టి, రాత్రి రాత్రికీ ఎత్తు రాయమన్నాను. లుక్లా 2,860. మొదటి రాత్రి పాక్‌దింగ్ 2,610. రెండో రాత్రి నామ్చే 3,440. మూడో రాత్రి టెంగ్‌బోచే 3,860. నాలుగు దింగ్‌బోచే 4,410. అయిదు లోబుచే 4,940. ఆరు గోరక్‌షెప్ 5,164. తర్వాత మూడు రోజుల్లో దిగుడు. అదే దారిలో బాధ్యత తెలిసినవాళ్లు నామ్చేలో రెండు రాత్రులు, దింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉంచుతారు. పాక్‌దింగ్ నుంచి నామ్చేకి ఒకేరోజు 830 మీటర్లు లేస్తుంది కదా, అక్కడ ఆగకపోతే ఎలా? ఈ ప్లానులో ఆ రెండు రాత్రులూ తీసేశారు. తగ్గింపు ఎక్కడ్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. పైగా లుక్లా విమానాలు మబ్బు పడితే రోజుల తరబడి ఎగరవు, అందుకు ఒక్క రోజు కూడా మిగల్చలేదు. మావాడు ఆ కాగితం చాలాసేపు చూశాడు. అడ్వాన్సు కట్టలేదు.

మరి ఎక్కడికి? పేర్లు బోలెడు వచ్చాయి. రూప్‌కుండ్ అన్నారు. అది 5,000 మీటర్లు, మొదటిసారికి తగదు. పైగా 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు అక్కడి పచ్చిక మైదానాల్లో గుడారాలు వెయ్యకూడదని చెప్పింది. హంప్టా కనుమ అన్నారు. 4,270 మీటర్లు, నాలుగైదు రోజుల్లో మనాలి వైపు నుంచి లాహౌల్ వైపు దాటిపోవాలి. కనుమ దాటే యాత్రలో చిక్కేమిటంటే సగం దారి పోయాక వెనక్కి తిరగడం కూడా కష్టమే. మా మరిది కైలాస మానససరోవరం పోదామన్నాడు. మధ్యలో ఆగిపోయిన ఆ ప్రభుత్వ యాత్ర 2025లో మళ్లీ మొదలైంది. దానికి 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లనే తీసుకుంటారు, ఎత్తుకీ బరువుకీ పొంతన చూస్తారు, ఢిల్లీలో పరీక్షలు చేస్తారు, లిపులేఖ్ దారిలో గుంజిలో మళ్లీ చేసి, తేడా ఉంటే అక్కడ్నుంచే వెనక్కి పంపేస్తారు. డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. భక్తి ఉంటే చాలనుకునేవాళ్లు ఆ పరీక్షల జాబితా ఒకసారి చదవాలి. మా మరిది చదివి, "ముందు పొట్ట తగ్గిస్తాను వదినా" అన్నాడు.

చివరికి సందక్‌ఫు ఎంచుకున్నాం. పశ్చిమ బెంగాల్లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు, 3,636 మీటర్లు, నేపాల్ సరిహద్దు మీద ఉంటుంది. కాంచనజంగ కొండల వరస అంతా అక్కడ్నుంచి ఎదురుగా కనిపిస్తుంది, ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్టు, లోత్సే, మకాలు కూడా. అంటే ప్రపంచంలోని మొదటి అయిదు శిఖరాల్లో నాలుగు. మొదటి రాత్రి మానేభంజన్, 2,100 చిల్లర. రెండో రాత్రి తుమ్లింగ్, 2,970. మూడో రాత్రి కాలీపోఖ్రి, 3,180 దాకా. నాలుగు సందక్‌ఫు. లెక్క సరిగ్గా కుదిరింది. గుడారాలక్కర్లేదు, దారి పొడుగునా ఇళ్లలాంటి బసలున్నాయి. వేడన్నం, పప్పు దొరుకుతాయి.

వీటన్నిటికన్నా నేను పట్టుబట్టిన కారణం వేరు. మానేభంజన్ నుంచి సందక్‌ఫు దాకా జీపులు పోయే దారి ఉంది. "జీపు పోయేచోటికి నడిచి పోవడమేమిటత్తయ్యా, ఎగతాళి చేస్తారు" అన్నారు అల్లుడుగారు. నేను మెచ్చింది ఆ జీపు దారినే. పైకి పోవడానికి ఎన్ని దారులున్నాయని అందరూ చూస్తారు. దిగడానికి ఏముందో కూడా చూడాలి. ఎత్తు పడనివాడికి మొదటి మందు దిగడం. మాత్రలు, ఆక్సిజను దాని తర్వాత.

రైలు ఊరి వాళ్లం కదా, విమానం మాట ఎత్తలేదు. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్ మనవైపు నుంచే న్యూ జల్పాయిగురి మీదుగా పోతుంది. ఆ రైల్లో రెండు మూడు రాత్రులు కూర్చోవడం కూడా ఒక రకం తర్ఫీదే. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకి బయల్దేరిన మన ఏనుగుల వీరాస్వామయ్యగారు డేరాలు, బోయీలతో సహా వందమంది దాకా వెంటబెట్టుకుని పదిహేను నెలలు తిరిగారు. మేం అయిదుగురం, అయిదు సంచులు, ఒక ఊరగాయ సీసా.

తీసుకెళ్లేవాళ్లని ఎంచుకునేటప్పుడు మొహమాటం పనికిరాదు. మన తమిళనాట 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కారుచిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో మన ఈరోడ్, తిరుప్పూరు వైపు పిల్లలూ ఉన్నారు. ఆ వార్త వచ్చిన రోజు మన ఇళ్లల్లో పొయ్యి వెలగలేదు. అందుకే నేను ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న అటవీశాఖ అనుమతి ఎవరి పేరు మీద ఉంటుందని. తర్వాత ఇంకొన్ని. ఎంతమందికి ఒక గైడు? ఒకరు దిగాల్సి వస్తే మిగతావాళ్లతో ఎవరుంటారు? ఆక్సిజను సిలిండరు మీతో వస్తుందా, కింద ఆఫీసులో ఉంటుందా? రాత్రిపూట జీపు దొరుకుతుందా? ఒకచోట "మేడమ్, అలాంటివేమీ జరగవు" అన్నారు. వాళ్లకి నమస్కారం పెట్టేశాను. ఇంకోచోట "జరిగితే ఇలా చేస్తాం" అని అరగంట చెప్పారు. వాళ్లకే డబ్బు కట్టాం.

ఇక తయారీ. ఆగస్టు నుంచి మూడు నెలలు. మొదటి నెల రోజూ కురిచ్చి చెరువు గట్టు మీద నలభై నిమిషాల నడక. మాట్లాడుతూ నడవగలగాలి, మాట తెగితే వేగం ఎక్కువైనట్టు. రెండో నెల నుంచి వారానికోసారి మరుదమలై, ఎనిమిది వందల పైచిలుకు మెట్లు. మొదట ఖాళీ చేతులతో, తర్వాత రెండు కిలోల బియ్యంతో, ఆఖరికి అయిదు. ఎక్కిన వాళ్లు బస్సులో దిగిపోతారు, అది కుదరదు. మోకాలికి అసలు పని దిగేటప్పుడే. మూడో నెల ఒకే పొద్దున రెండుసార్లు ఎక్కి దిగాం. కొత్తగా పెళ్లయి ఇంటికొచ్చిన పిల్లలు కూడా అన్నం మానేసి జిమ్ముకి పోతున్న కాలం ఇది. నేను చెప్తే నవ్వుతారు గాని, వీపు మీద బరువుతో మెట్లెక్కడాన్ని మించిన జిమ్ము ఈ పనికి లేదు.

మాలావత్ పూర్ణని తలుచుకుంటే నాకు ఎంత గర్వమో. నిజామాబాదు జిల్లా పాకాల తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. పక్కనే ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్. ఫొటో అందరికీ గుర్తుంది. కానీ వాళ్లని భువనగిరి కొండరాయి మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో నేర్పించి, లడఖ్ చలిలో ఉంచి, దశదశకీ వడపోసి ఆఖరికి ఇద్దర్ని పంపించారన్నది ఎవరికీ గుర్తుండదు. మెట్టు మీద మెట్టు అంటే అది.

బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. సాయంత్రం పూట, పాదాలు కాస్త వాచి ఉన్నప్పుడు, మందపాటి మేజోళ్లు వేసుకుని కొలుచుకోండి. ముందు బొటనవేలికి అర అంగుళం ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. కొన్న వెంటనే పెట్టెలో దాచకుండా నెల్లాళ్లు ఇంట్లో, వీధిలో వేసుకు తిరగండి. నేను చీర మీద ఆ బూట్లతోనే కూరగాయల మార్కెట్టుకి పోయాను. చూసినవాళ్లు చూశారు.

బట్టల విషయంలో మన తిరుప్పూరు పక్కనే ఉండటం అదృష్టం, ఒక జాగ్రత్త తప్ప. మన ఒంటికి అలవాటైన నూలు బనియను కొండమీద పనికిరాదు. చెమటకి తడిస్తే ఆరదు, ఆరక చలి పుట్టిస్తుంది. ఆటగాళ్లు వేసుకునే పాలియెస్టరు బనియను లోపల, దాని మీద ఉన్ని స్వెట్టరు, పైన గాలీ వానా ఆపే కోటు. ఒకే లావుపాటి కోటు కన్నా ఇలా పొరలు పొరలుగా వేసుకుంటే నడిచేటప్పుడు తీసెయ్యొచ్చు, ఆగినప్పుడు వేసుకోవచ్చు. చెవుల టోపీ, రెండు జతల చేతితొడుగులు, నల్ల కళ్లద్దాలు. ఆడపిల్లలకి ఒక మాట: నెలసరి తేదీ లెక్కకి తప్పి రావడం ఎత్తుల్లో మామూలే. సామాను దగ్గరుంచుకోండి, వాడినవి కట్టి కిందికి తెచ్చెయ్యండి, కొండమీద పారెయ్యకండి.

తిండి సంగతి నాకు బాగా తెలుసుననుకున్నాను, కొండ ఇంకొంచెం నేర్పింది. ఎత్తుకి పోయేకొద్దీ ఆకలి చస్తుంది. అలాంటప్పుడు పుల్లటిదీ కారమైనదీ అయితేనే ముద్ద దిగుతుంది. మా చింతకాయ పచ్చడి సీసాకి గైడు కూడా అభిమాని అయ్యాడు. జేబులో కోవిల్‌పట్టి కడలై మిట్టాయి, ఖర్జూరం. నీళ్లు రోజుకి మూడు నాలుగు లీటర్లు, దాహం లేకపోయినా. ఫోను బ్యాటరీ చలికి చచ్చిపోతుంది, రాత్రి దాన్ని కూడా రగ్గులో పెట్టుకుని పడుకోవాలి.

డాక్టరు దగ్గరికి నెల ముందే పోవాలి. మా అయిదుగురికీ బీపీ, షుగరు, హెమోగ్లోబిను, ఈసీజీ చేయించాం. నా బీపీ మాత్రలు రెండు సెట్లు చేసి రెండు సంచుల్లో పెట్టాను, ఒకటి పోయినా ఒకటుంటుందని. డయామాక్స్ అనే మాత్ర ఒళ్లు ఎత్తుకి త్వరగా అలవాటు పడటానికి సాయపడుతుంది. కానీ సల్ఫా మందులు పడనివాళ్లకి అది ప్రమాదం, అందుకని పక్కింటివాళ్లు వాడారని వాడకండి, మీ డాక్టరు చెప్పాలి. నిద్రమాత్రలు, మందు పైకి పోయాక ముట్టకూడదు.

బయల్దేరే ముందు ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి ఒక కాగితం రాయించాను. తలనొప్పి వస్తే దాచనని, తలనొప్పితో పైకి పోనని అందరూ సంతకం పెట్టాలి. అడుగు తూలితే ఎంత రాత్రయినా దిగాలి. దిగే మనిషి ఒంటరిగా దిగకూడదు, తోడు దిగేవాళ్ల వరస కూడా ముందే రాసుకున్నాం. మొదటి పేరు నాదే, చెల్లెలికి మాటిచ్చిన దాన్ని కనక. "అత్తయ్యా, ఇది లగ్నపత్రిక కన్నా గట్టిగా ఉందే" అన్నారు అల్లుడుగారు. తర్వాత వరండాలో నేల పలకల గీత మీద అందర్నీ అడుగులో అడుగు వేసి నడిపించాను. మడమకి వేలు తగిలిస్తూ పది అడుగులు. మెదడుకి ఎత్తు సోకితే మొదట పోయేది ఈ నడకే. మామూలుగా ఎవరెలా నడుస్తారో ఇంట్లోనే చూసి ఉంటే అక్కడ తేడా తెలుస్తుంది. పిల్లలు సర్కస్ అని నవ్వుకున్నారు.

తుమ్లింగ్ నేపాల్ గడ్డ మీద ఉంటుంది, గుర్తింపు కార్డులు దగ్గరుంచుకోవాలి. అక్కడ పొద్దున్నే బయటికొస్తే కాంచనజంగ కనిపించింది. దాని గురించి రాయను, రాస్తే పేజీ చాలదు. కాలీపోఖ్రి దాకా అందరం బాగున్నాం. వేలికి తగిలించే ఆక్సిజను యంత్రం కరోనా కాలం నాటిది మా ఇంట్లో ఉంది, తీసుకెళ్లాం. ఇంట్లో 98 చూపించినది అక్కడ 90 అటూ ఇటూ వచ్చింది. ఆ అంకె ఒక్కటే చూసి భయపడనూ కూడదు, ధైర్యపడనూ కూడదు.

సందక్‌ఫుకి ఆఖరి నాలుగు కిలోమీటర్లు నిటారు. మావాడు మాకన్నా గంట ముందు పోయాడు. మేం చేరేసరికి ఎండలో కూర్చుని ఫొటోలు తీస్తున్నాడు. సాయంత్రం టీ వద్దన్నాడు. ఏడు గంటలకి తల పట్టుకున్నాడు. ఆరా తీస్తే కాలీపోఖ్రి నుంచీ నొప్పి ఉందట, రెండుసార్లు పారాసిటమాల్ వేసుకున్నాడట, ఎవరికీ చెప్పలేదు. సంతకం పెట్టినవాడే. నేనేమీ అనలేదు. అక్కడ అనాల్సిన సమయం కాదు. గైడు చూసి, ఇంక పైకి పోయేది లేదు కనక విశ్రాంతిగా ఉంచి కనిపెట్టి చూద్దామన్నాడు. గంటకోసారి నీళ్లు తాగిస్తూ కూర్చున్నాం. రెండుసార్లు వాంతి.

తెల్లవారుజామున మూడున్నరకి బయటికి పోవాలని లేచాడు. తలుపు దాకా పోతూ గోడ పట్టుకున్నాడు. చీకట్లో టార్చి వేసి, చెక్కనేల మీద పలక గీత చూపించి నడవమన్నాను. మూడో అడుగుకి పక్కకి పడ్డాడు. వరండాలో ఆవేళ పది అడుగులూ తాడు మీద కోతిలా నడిచినవాడు. మా అమ్మాయి మొహం తెల్లబోయింది. గైడు ఇంకేమీ అడగలేదు, ఆక్సిజను పెట్టి, జీపు డ్రైవర్ని లేపడానికి పోయాడు. మరిది "తెల్లారాక పోదాం వదినా, ఇంకో రెండు గంటలే, దారి ఎలాంటిదో చూశాంగా" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, ఆ దారి పగలే భయపెడుతుంది. కానీ కాగితం మీద రాసుకున్నది పోదనూరులో, కడుపునిండా తిని, తల తేటగా ఉన్నప్పుడు. రెండో ఆలోచన అక్కర్లేకపోయింది. నాలుగూ ఇరవైకి వాడి తల నా ఒళ్లో పెట్టుకుని జీపెక్కాను.

గైరీబాస్ వచ్చేసరికి, అంటే 2,620 మీటర్లకి, కళ్లు తెరిచి "ఎక్కడున్నాం పెద్దమ్మా?" అని అడిగాడు. మానేభంజన్ దాటి డాక్టరుకి చూపించేసరికి తొమ్మిదయింది. మధ్యాహ్నానికి పప్పన్నం తిన్నాడు. మెదడు వాపు మొదలయ్యే దశ అని, ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని ఆ డాక్టరు అన్నాడు. మా చెల్లెలికి ఆ మాట నేను ఫోనులో చెప్పలేదు, ఇంటికొచ్చాక చెప్పాను. అది చాలాసేపు వాడి తల నిమిరింది, ఆ తర్వాత తిట్టింది.

మిగతా ముగ్గురూ ఆ ఉదయం సూర్యోదయం చూశారు, నాలుగు శిఖరాలూ కనిపించాయట. ఫొటోలు మా అమ్మాయి దగ్గరున్నాయి, కావాలన్నవాళ్లు అడిగి చూడండి. ఫాలుట్‌కి పోవాలనుకున్న ఇరవై ఒక్క కిలోమీటర్లూ మానేసి జీపులో దిగొచ్చారు.

ఇప్పుడు మావాడు సిక్కింలో గోయేచాలా అంటున్నాడు. వచ్చే ఏడాది కాదు, దాని పైయేడు. పోయినవారం కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. శిఖరం పేరు ఎక్కడా లేదు. రాత్రి రాత్రికీ ఎత్తులు, జోంగ్రీ 4,020 దగ్గర రెండు రాత్రులు, అక్కడ్నుంచి దిగడానికి ఎన్ని గంటలు, గుర్రం దొరుకుతుందా లేదా, అన్నీ వాడి చేతిరాతతోనే. ఒకసారి ఎత్తు సోకినవాడికి మళ్లీ సోకే అవకాశం ఎక్కువ కనక, ఇంతకుముందు కన్నా నిదానంగా పోవాలనీ, డాక్టర్ని అడిగాకే అనీ కింద రాశాడు. వాళ్లమ్మ ఇంకా సంతకం పెట్టలేదు. చూస్తానంది.

మన సంఘం వాళ్లెవరైనా తయారీ మొదలుపెట్టాలనుకుంటే మాతో రావచ్చు. ప్రతి ఆదివారం పొద్దున అయిదున్నరకి మరుదమలై మెట్ల మొదట్లో ఉంటాం. ఎక్కడమే కాదు, దిగడం కూడా నడిచే. బియ్యం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.